మెసేజింగ్ యాప్ చేస్తున్న మేనకోడలికి

విశాఖపట్నం, ఎంవీపీ కాలనీ

చి. చిన్నీకి అత్త ఆశీస్సులు.

ఉద్యోగం మానేసి మెసేజింగ్ యాప్ చేస్తున్నావని మీ అమ్మ చెప్పింది. జవాబు ఆలస్యమైనా మనసు కుదురుగా ఉండేలా చేస్తావట. గర్వంగానే ఉంది, భయం కూడా వేసింది. ఈ పనికి దిగినవాళ్ళంతా ముందు చేసేది ఇంకో గుర్తు చేర్చడం. గుర్తులు పెంచితే కంగారు తగ్గదే పిల్లా.

లాగిన్, బ్యాకప్, ఎన్‌క్రిప్షన్ నాకన్నా నీకే బాగా తెలుసు.

డెలివరీని టిక్కులతో కాదు, మాటల్లో చెప్పు: ‘నీ ఫోన్‌లోనే ఉంది’, ‘తన ఫోన్‌కి ఇంకా చేరలేదు’, ‘చేరింది’. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి టవర్లు మూగబోయినప్పుడు బయటి ఊళ్ళవాళ్ళు ఎంత అల్లాడారో నీకు గుర్తుండదు. కబురు చేరలేదని తెలియడం వేరు, చేరినా పలకలేదనుకోవడం వేరు. సరిగ్గా ఆ మరుసటి నెలలోనే వాట్సాప్ నీలం టిక్కులు తెచ్చింది, గోల చూసి ఆపుకునే వీలూ ఇచ్చింది. నీ యాప్‌లో చదివిన గుర్తు మొదటినుంచీ ఆఫ్‌లో ఉండాలి, ఇద్దరూ ఒప్పుకుంటేనే వెలగాలి.

ఇక మా మెసేజింగ్ యాప్‌లో మేం చేసిన తప్పు. ఇది నిదానంగా చదువు. ‘టైప్ చేస్తున్నారు’ అని ఆడే చుక్కలు. మొదటి అక్షరం కొట్టగానే ‘మొదలైంది’ అని ఒక సిగ్నల్, ఆపగానే ‘ఆగింది’ అని ఇంకోటి పంపేవాళ్ళం. ఆ రెండోది దారిలో పోతే? మనిషి లిఫ్ట్ ఎక్కాడు, ఫోన్ చార్జింగ్ అయిపోయింది. అవతల చుక్కలు ఆడుతూనే ఉంటాయి, గంటసేపు ఏం రాస్తున్నాడో అని చూస్తూ కూర్చునేవాళ్ళు. సరిదిద్దడం తేలికే: రాస్తున్నంతసేపూ 3 సెకన్లకోసారి సిగ్నల్ పంపాలి, 6 సెకన్లు ఏదీ రాకపోతే చూసేవాళ్ళ ఫోనే చుక్కల్ని ఆర్పెయ్యాలి. అలాగే చేశాం. ఫిర్యాదులు తగ్గలేదు, రూపం మార్చుకున్నాయి. ఇప్పుడు చుక్కలు వెలుగుతాయి, ఆరిపోతాయి, మెసేజ్ మాత్రం రాదు. ‘ఏదో రాసి చెరిపేసింది, ఏం దాస్తోంది?’ అవతలి అమ్మాయి పాలు పొంగుతున్నాయని వంటింట్లోకి పరిగెత్తి ఉంటుంది, అంతే. బగ్ ఉన్నన్నాళ్ళూ ఎదురుచూపు, బగ్ పోయాక అనుమానం. నువ్వు దాని జోలికే పోకు. జనం పట్టుబడితే, ఇద్దరూ అదే చాట్ తెరిచి నిమిషంలోపు మాటకి మాట ఇచ్చుకుంటున్నప్పుడు మాత్రం చూపించు.

‘లాస్ట్ సీన్’ గంటా నిమిషాలతో వద్దు. టెలిగ్రామ్‌లో ‘ఈమధ్యే’ అని పైపైన చెప్పే ఏర్పాటుంది, నాకు అదీ ఎక్కువే.

ఆలస్యమవుతుందని ముందే తెలిస్తే సగం బాధ ఉండదు. మన ఊళ్ళో స్టీల్‌ప్లాంట్ రాత్రి షిఫ్టులున్నాయి. నేవీ 2019 డిసెంబరులో స్థావరాల్లో, యుద్ధనౌకల్లో స్మార్ట్‌ఫోన్లు ఆపేసింది. వేటకెళ్ళిన బోటు ఒడ్డుకి దూరమయ్యాక సిగ్నలే ఉండదు. అందుకని ‘రేపు పొద్దున 6 దాకా ఫోన్ చూడను’ అన్న ముక్క, టైప్ చేసే పెట్టె పైనే, పంపకముందే కనబడాలి. పంపాక వచ్చిందంటే మొహం మీద తలుపు వేసినట్టు ఉంటుంది. గడువు దాటగానే దానంతటదే పోవాలి. కారణం అడక్కు, ఎక్కడున్నారో అసలే అడక్కు. ‘నైట్ షిఫ్ట్’ అని పదిమందికీ కనబడితే ఇంట్లో ఆడవాళ్ళు ఒంటరిగా ఉన్నారని చాటినట్టే. ఎవరికి కనబడాలో పేరుపేరునా ఎంచుకోనివ్వు. నవ్వకు, నాకు అన్నిటికన్నా ఇదే భయం.

పంపేవాళ్ళకి ‘తొందర లేదు’, ‘ఇవాళ్టిలోగా’, ‘అర్జెంటు’ అని మూడు ఇవ్వు. ఏదీ నొక్కకపోతే మొదటిదే. ‘అర్జెంటు’ ఒక్కో మనిషికి రోజుకి రెండే, లేకపోతే వారం తిరిగేసరికి గుడ్ మార్నింగులు కూడా అర్జెంటుగానే వస్తాయి.

2015లో ఆండ్రాయిడ్ 6తో డోజ్ అని బ్యాటరీ మిగిల్చే ఏర్పాటు వచ్చింది. ఫోన్ కదలకుండా పడుంటే నెట్‌ని ఆపి ఆపి వదులుతుంది. అలా పడుకున్న ఫోన్‌ని వెంటనే లేపే హై ప్రయారిటీ పుష్‌ని అసలు మెసేజ్‌కి మాత్రమే వాడు. ‘చేరింది’, ‘చదివారు’ అనే రసీదులకీ వాడావంటే, నోటిఫికేషన్ చూపించని పుష్‌లని చూసి గూగుల్ నీ యాప్ ప్రాధాన్యం తగ్గించేస్తుంది, చివరికి అసలు మెసేజే ఆలస్యమవుతుంది.

యాప్ ఎన్నిసార్లు తెరిచారని లెక్కపెట్టి మురిసిపోకు. ఒక మెసేజ్ పంపాక, కొత్తదేమీ రాకుండానే అదే చాట్‌ని ఎన్నిసార్లు తెరిచి చూశారో లెక్కపెట్టు. తగ్గాల్సింది అది. పెట్టుబడి పెట్టేవాళ్ళకి ఈ అంకె నచ్చదు, ముందే చెప్పి ఉంచు.

అన్నట్టు, అమ్మ మెసేజ్‌కి మూడ్రోజులు జవాబివ్వలేదట. పైగా నువ్వు చేసేది ఈ యాపు! బాగా చిక్కిపోయావని కూడా అంది. వేళకి తినమ్మా.

ఆఫీసు వైఫైలో పరీక్షించి సరిపెట్టకు. చవక ఆండ్రాయిడ్ ఫోన్ ఒకటి బ్యాటరీ సేవర్‌లో పెట్టుకుని కిరండూల్ రైలెక్కి అరకు వెళ్ళు. బొర్రా వైపు సొరంగాల్లో సిగ్నల్ పోయి వస్తుంటుంది. చీకట్లో ఉన్నప్పుడే నాకో మెసేజ్ పెట్టు. నీ తెర మీద ఏ మాట ఎప్పుడు మారిందో నువ్వు రాసుకో, నాకు ఎన్నింటికి చేరిందో నేను రాసి ఉంచుతాను. పైన చలిగా ఉంటుంది, స్వెట్టర్ మర్చిపోకు.

మీ అత్త