మూడో పేజీలోనే శిక్ష వేసేశావు

అమ్మాయీ,

నీ కథ అందింది. రాత్రి భోంచేశాక మొదలుపెట్టి మూడో పేజీ దగ్గర విసిరి పక్కన పెట్టాను. పొద్దున కోపం తగ్గాక మిగతాది చదివాను. బోనులో నిలబడ్డ టైలరు రంగయ్య చెయ్యి మెడలో లేని టేపు కోసం తడుముకోవడం బాగుంది. అలాంటివి ఒకరు నేర్పితే రావు.

ఇక ఆ మూడో పేజీ. "పోలీసులు దోషిని కోర్టులో హాజరుపరిచారు" అన్నావు. పదకొండో పేజీలో జడ్జిగారు కేసు కొట్టేశారు. మరి మధ్యలో ఎనిమిది పేజీలు రంగయ్యను దోషిని చేసిందెవరు? గొలుసు పోయిందని ఫిర్యాదిచ్చిన కామందు కాదు, ఎస్సై కాదు. నువ్వు.

నిందితుడంటే నింద పడ్డవాడు, అంతే. దోషి అంటే సాక్ష్యం విని, నేరం రుజువైందని కోర్టు తేల్చినవాడు. ఆ మాటకీ ఈ మాటకీ నడుమ ఛార్జిషీటు, సాక్షులు, వాయిదాలు, ఒక్కోసారి మనిషి సగం ఆయుష్షు ఉంటాయి. మన జైళ్లలో ఉన్న ప్రతి నలుగురిలో దాదాపు ముగ్గురు విచారణ ఖైదీలే. వాళ్లను ఏ కోర్టూ ఇంకా దోషులనలేదు.

దీనికి లా చదవక్కర్లేదు. ఏటా వినాయక చవితికి అక్షింతలు పట్టుకుని వింటూనే ఉన్నాంగా! పాలలో చవితి చంద్రుణ్ణి చూసిన పాపానికి, మణి కోసం ప్రసేనుణ్ణి చంపాడని కృష్ణుడి మీద పడింది. దాన్ని మనవాళ్లు నీలాపనింద అన్నారు, నేరం అనలేదు. అడవిలో అడుగుజాడలు పట్టుకుపోయి, జాంబవంతుడితో 28 రోజులు కలబడి, మణి తెచ్చి సత్రాజిత్తు చేతిలో పెడితేగాని అది పోలేదు. రంగయ్యకు చట్టం అంత బరువు కూడా పెట్టదు. రుజువు చెయ్యాల్సింది ప్రాసిక్యూషను. కృష్ణుడికి లేని ఆ వెసులుబాటు కూడా నువ్వు లాగేసుకున్నావు.

ముద్దాయి అంటే పాతగా ఉంటుందా అని అడిగావు. ఉండనీ. ఉర్దూలో ముద్దయీ అంటే దావా వేసినవాడు. తెలుగులోకి వచ్చేసరికి పాపం బోనెక్కాడు! ఉర్దూలో చదువుకున్న మా నాన్న ఈ సంగతి తలుచుకుని నవ్వేవాడు. ఓ సంపాదకుడైతే నా కథలో ముద్దాయి అని ఉన్నచోటల్లా నేరస్థుడు అని దిద్దాడు. అడిగితే, "బలంగా ఉంటుంది" అన్నాడు. వీళ్లకు బలం కావాలి, ఎవడి మెడ మీద పడ్డా ఫర్వాలేదు.

నేనేం తక్కువ తినలేదులే. ఇరవై రెండేళ్లప్పుడు ఓ చిన్న టౌనులో విలేకరిని. స్టేషన్లో చెప్పింది చెప్పినట్టు రాసి పంపితే "సైకిళ్ల దొంగ పట్టివేత" అని, పేరుతో సహా వచ్చింది. నేరం ఒప్పుకున్నాడని కూడా రాశాను. పోలీసుల దగ్గర ఒప్పుకున్నది కోర్టులో సాక్ష్యంగా పనికిరాదని 1872 నాటి సాక్ష్య చట్టంలోనే ఉందని అప్పుడు నాకేం తెలుసు! ఏడాదిన్నరకు కేసు కొట్టేశారు. ఓ సాయంత్రం ఆ మనిషి మా గుమ్మం ముందు నిలబడి జేబులోంచి పాలిథిన్ కవరు తీశాడు. అందులో నాలుగు మడతల మీద నా వార్త. "కోర్టువాళ్లు కాదన్నారండి. మీరూ కాదని రాస్తారా? పిల్లను చూడ్డానికి వస్తున్నారు" అన్నాడు. రాసి పంపాను. "కేసు కొట్టేస్తే వార్తేంటయ్యా" అన్నారు డెస్కులో. ఆ సంగతి ఆయనకు చెప్పే ధైర్యం లేక నెల్లాళ్లు ఆ వీధిలోంచి పోలేదు.

ఏ పత్రికకు పంపాలో తర్వాత చూద్దాం. గొలుసు పోయింది పోయిన సంక్రాంతికి అన్నావు, కేసేమో పాత శిక్షాస్మృతి ఐపీసీలో దొంగతనం సెక్షను 379 కింద పెట్టించావు. 2024 జూలై 1 నుంచి జరిగిన నేరాలకు దాని బదులు వచ్చిన భారతీయ న్యాయ సంహిత. కామందు ఇంట్లో దొంగతనం కాబట్టి 305 అని మార్చు. మూడో పేజీ తిరగరాసి పంపు. టేపు మాత్రం ముట్టుకోకు.

ఆశీస్సులతో