ప్లేటింగ్ షెడ్డులో 15 ఏళ్ల తమ్ముడు: ఓనరు అడ్వాన్సు కట్టాలా?

ప్రశ్న: మాది ఆదోని దగ్గర పల్లె. బతుకుదెరువుకు వచ్చి బెంగళూరు లగ్గెరెలో ఉంటున్నాం. మా తమ్ముడికి 15 ఏళ్లు. 8 నెలలుగా పీణ్యలో ఒక క్రోమ్ ప్లేటింగ్ షెడ్డులో చేస్తున్నాడు. వేళ్ల మీద పుండ్లు మానడం లేదు, తరచూ ముక్కు నుంచి రక్తం వస్తోంది. మానిపిస్తామంటే, నాన్న తీసుకున్న 30,000 అడ్వాన్సు కట్టి తీసుకెళ్లమంటున్నాడు ఓనరు. ఆధార్‌లో వాడి వయసు 18 దాటినట్టు ఉంది. కేసు పెడితే నాన్నను లోపలేస్తారని అమ్మ భయం. అక్కడ ఇంకో ఇద్దరు పిల్లలు కూడా పనిచేస్తున్నారు. ఏం చేయాలి?

జవాబు: అడ్వాన్సు గురించి బెంగపడకండమ్మా. బాకీ తీరేదాకా పని మానకూడదని పట్టుకుంటే అది వెట్టిచాకిరీ. 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం ప్రకారం ఆ బాకీ రద్దయినట్టే. దాన్ని వసూలు చేసుకోవడానికి ఓనరు కోర్టుకూ వెళ్లలేడు. అందుకని స్టాంపు పేపరు తెచ్చి రాజీకి సంతకం పెట్టమంటాడు. పెట్టకండి.

14 నిండాయి కదా, పెట్టుకోవచ్చని కూడా వాదిస్తాడు. ఆ మాట మామూలు పనులకు చెల్లుతుందేమో గానీ ఇక్కడ చెల్లదు. బాల కార్మిక చట్టాన్ని 2016లో సవరించాక 18 లోపు వాళ్లను ప్రమాదకరమైన పనుల్లో పెట్టుకోవడం నేరం. ఫ్యాక్టరీల చట్టంలో ఉండి, ఇప్పుడు 2020 నాటి వృత్తి భద్రతా కోడ్‌లోకి వచ్చిన ప్రమాదకర పరిశ్రమల పట్టికలో ఎలక్ట్రోప్లేటింగ్ (కరెంటుతో లోహపు పూత వేయడం, మీ తమ్ముడు చేసే క్రోమ్ ప్లేటింగ్ అదే) పేరు పెట్టి మరీ రాశారు. శిక్ష 6 నెలల నుంచి 2 ఏళ్ల దాకా జైలు, లేదా 20,000 నుంచి 50,000 దాకా జరిమానా, లేదా రెండూ. మీ నాన్నగారికి మాత్రం అదే చట్టం ఒక మినహాయింపు ఇచ్చింది: తల్లిదండ్రులకు మొదటిసారి తప్పుకు శిక్ష లేదు. ఈ మాట అమ్మగారికి చెప్పండి.

ఇంతకంటే ముఖ్యమైన సంగతి, ఫిర్యాదు కంటే ముందు ఆసుపత్రి. క్రోమిక్ యాసిడ్ ట్యాంకు మీద నుంచి లేచే తుంపర చర్మం మీద లోతైన పుండ్లు చేస్తుంది, ముక్కు రంధ్రాల మధ్య గోడను తొలుస్తుంది. ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు ఉంది. ఎదిగే పిల్లలు ఒంటి బరువును బట్టి చూస్తే పెద్దవాళ్ల కంటే ఎక్కువ గాలి పీలుస్తారు, విషమూ ఆ లెక్కనే లోపలికి పోతుంది. పని మానేసిన కొద్ది రోజులకే మూత్రంలో క్రోమియం (ఆ యాసిడ్‌లోని లోహం) తగ్గిపోతుంది కాబట్టి ఆలస్యం చేస్తే పరీక్షలో ఏమీ తేలకపోవచ్చు. ప్రభుత్వ ఆసుపత్రిలో చర్మం, ముక్కు డాక్టర్లకు చూపించి, ఏ షెడ్డులో ఏ పని, ఎన్ని నెలలుగా అన్నది కేసు షీటులో రాయమని అడగండి. అడగకపోతే "అలర్జీ" అని రాసి మందు చీటీ చేతిలో పెడతారు. ఆ ఒక్క మాటతో కేసు సగం పోతుంది, ఇలాంటివి కోర్టులో చాలా చూశాను.

ఆ కేసు షీటుకు అంత విలువ ఎందుకంటే, క్రోమియం వల్ల వచ్చే జబ్బులు, పని వల్ల జబ్బు చేస్తే యజమాని పరిహారం ఇవ్వాలనే చట్టంలోని వృత్తి వ్యాధుల జాబితాలో ఉన్నాయి. ఒకే యజమాని దగ్గర 6 నెలలకు తగ్గకుండా చేసినవాళ్లకు ఆ జబ్బు వస్తే, పని వల్లే వచ్చినట్టు లెక్క. కాదని నిరూపించుకోవాల్సింది ఓనరే. మీ తమ్ముడివి 8 నెలలు. 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టంలో ఉన్న ఈ హక్కే, ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన 2020 నాటి సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఉంది. హాజరు పట్టీలో పేరు ఉండదు గనుక నాన్న ఫోనుకు వచ్చిన డబ్బుల మెసేజీలు, షెడ్డు ఫోటోలు, తోటి పనివాళ్ల సాక్ష్యం దాచిపెట్టుకోండి.

ఆధార్ వయసు చూసి హడలిపోకండి. ఆధార్ పుట్టిన తేదీకి రుజువు కాదని సుప్రీంకోర్టు 2024లో చెప్పింది. ఊళ్లో బడి నుంచి సర్టిఫికెట్ తెప్పించండి.

ఆ తర్వాత పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి, కార్మిక శాఖకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. పోలీసులు నేరుగా కేసు కట్టాల్సిన నేరమిది, స్టేషన్‌లో "లేబర్ ఆఫీసుకు పోండి" అంటే కదలకండి. పిల్లాణ్ణి బాలల సంక్షేమ కమిటీ ముందు పెడతారు. అప్పుడు బడి సర్టిఫికెట్‌తో మీరూ వెళ్లి, ఇంటికి పంపమని అడగండి. అడ్వాన్సు పేరుతో పట్టి ఉంచిన సంగతి మరో కాగితం మీద రాసి జిల్లాధికారికి (మన దగ్గర కలెక్టరు అంటామే, ఆయనకు) ఇవ్వండి. ఫిర్యాదులో మీ తమ్ముడి పేరు ఒక్కటే రాసి ఊరుకోకండి. ఆ ఇద్దరు పిల్లల సంగతీ రాయండి, లేదంటే తనిఖీకి వచ్చేలోపు వాళ్లను ఇంకో షెడ్డుకు తరలిస్తారు.