చెరువు మట్టితో బొమ్మలు వేసే అమ్మాయిని ఏం చదివించాలి?

ప్రశ్న: మాది శ్రీకాళహస్తి. బెంగళూరు మారతహళ్ళిలో స్థిరపడ్డాం. అమ్మాయి పీయూసీ రెండో సంవత్సరం, సైన్స్. నీట్ కోచింగ్ మానేసి అగర, బెళ్ళందూరు, వర్తూరు చెరువుల మట్టి తెచ్చి గుడ్డ మీద పూస్తోంది. చిత్రకళే చదువుతానంటోంది. ‘మట్టి పిసుక్కుంటే అన్నం ఎవరు పెడతారు’ అని మా వారి కోపం. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీరు పంపిన ఫొటోను పెద్దది చేసుకుని చాలాసేపు చూశాను. తెల్లని నూలు గుడ్డ మీద జానెడేసి గడులు, ఒక్కో గడిలో ఒక్కో చెరువు మట్టి. అగరది ఎరుపు, వర్తూరుది బూడిద కలిసిన నలుపు. కింద పెన్సిలుతో తేదీ, మట్టి తీసిన చోటు, ఆ రోజు వాన పడిందో లేదో. నన్ను పట్టుకున్నది ఆ పెన్సిలు రాతే. ప్రకృతి అంటే ప్రాణమని చెప్పే పిల్లలు నా దగ్గరికి చాలామంది వస్తారు. ఒకే గట్టుకు పదిసార్లు వెళ్లి రాసుకొచ్చేవాళ్లు అరుదు. ఈ దారిలో మనిషిని నిలబెట్టేది ఆ ఓపికే. చదివించండి.

మీ వారికి సొంత ఊరినే గుర్తుచేయండి. కలంకారీ గుడ్డను కరక్కాయ, పాలు కలిపి తడుపుతారు. ఇనుప ముక్కలు, బెల్లం రోజుల తరబడి నీళ్లలో నానబెట్టి నల్లరంగు తీస్తారు. ఉతకడానికి పారే నీరు కావాలి. చెట్టూ ఇనుమూ స్వర్ణముఖీ కలిస్తేనే ఆ బొమ్మ. మీ అమ్మాయి చెరువు ఆరోగ్యంగా లేదు, అంతే తేడా. బెళ్ళందూరు నురగ రోడ్డెక్కింది 2015లో, చెరువులో మంటలు లేచి ఊరంతా పొగ చూసింది 2017లో. ఆ నురగ పక్కనే పెరిగిన పిల్ల ఆ మట్టిని చేతిలోకి తీసుకోవడం నాకు వింతగా అనిపించలేదు.

అయితే ఈ కళ గదిలో కూర్చుని చేసేది కాదని ఆమెకూ తెలియాలి. జర్మనీలోని కాసెల్‌లో జోసెఫ్ బాయిస్ అనే కళాకారుడు 1982లో మ్యూజియం ముందు 7,000 రాళ్లు గుట్ట పోయించారు. ఊళ్లో ఒక చెట్టు నాటినప్పుడల్లా ఒక రాయి గుట్ట నుంచి ఆ చెట్టు పక్కకు చేరాలి. చివరి చెట్టు నాటేసరికి 1987 వచ్చింది, అప్పటికి ఆయన లేరు. అన్నేళ్లూ అనుమతులు, డబ్బు, మనుషులు, స్థలం కోసం తిరగడమే పని. మీ అమ్మాయి చేయబోయేదీ చాలావరకు అదే.

కాలేజీ విషయానికి వస్తే, కుమారకృప రోడ్డులోని చిత్రకళా పరిషత్‌లో డిగ్రీ స్థాయి కోర్సులున్నాయి. ప్రైవేటు డిజైన్ కాలేజీల ఫీజు దానికి ఎన్నో రెట్లు. అప్పు చేసి అక్కడ చేర్పించడం నాకిష్టం లేదు. పీజీకి బరోడా, శాంతినికేతన్ వైపు చూడవచ్చు.

సంపాదన గురించి దాచను. బొమ్మలు అమ్ముకుని బతకడం మొదటి ఏళ్లలో చాలామందికి కుదరదు. బడిలో కళ బోధించడం, పిల్లల పుస్తకాలకు బొమ్మలు, ప్రదర్శనశాలల్లో ఉద్యోగం తోడుంటేనే ఇల్లు నడుస్తుంది. మొక్కలనూ పురుగులనూ శాస్త్రీయంగా గీసిపెట్టే పని మరొకటి ఉంది. ఈనె ఎక్కడ చీలుతుందో తెలియకుండా ఆకు గీయలేరు కదా. అందుకే నీట్ వదిలేసినా నాకు బాధ లేదు గానీ, పీయూసీ జీవశాస్త్రాన్ని మాత్రం అశ్రద్ధ చేయనివ్వకండి. కాలేజీ దరఖాస్తుకు ఆ గుడ్డనే చూపమనండి, పెన్సిలు రాత చెరపకుండా.

ఈలోగా ఒక ఆదివారం ముగ్గురూ హెబ్బాళ్ దగ్గరి సైన్స్ గ్యాలరీకి వెళ్లిరండి. కళాకారులు, శాస్త్రవేత్తలు కలిసి చేసిన పనులు అక్కడ ఉచితంగా చూడవచ్చు. మీ వారు తప్పకుండా రావాలి.

మరొక్క మాట. ఫొటోలో అమ్మాయి వట్టి చేతులతో మట్టి పూస్తోంది. ఆ చెరువుల్లోకి మురుగునీరు ఏళ్ల తరబడి చేరింది. రేపే రబ్బరు తొడుగులు కొనివ్వండి.