రోమ్‌లో ఒక్కరే భోజనానికి వెళ్లినప్పుడు

ప్రశ్న: నేను విశ్వవిద్యాలయంలో అధ్యాపకురాలిని. కిందటి వేసవిలో ఒక సదస్సు కోసం రోమ్ వెళ్లాను. తోటివారు ముందే తిరుగు ప్రయాణం కావడంతో చివరి రాత్రి ట్రెవీ ఫౌంటెన్ దగ్గరున్న ఒక రెస్టారెంట్‌కు ఒక్కదాన్నే భోజనానికి వెళ్లాను. “ఒక్కరేనా?” అని రెండుసార్లు అడిగి, వీధివైపు బల్లలు ఖాళీగా ఉన్నప్పటికీ, నన్ను లోపల మరుగుదొడ్డి తలుపు పక్కన కూర్చోబెట్టారు. నేను శాకాహారిని కాబట్టి చీజ్, మిరియాలతో చేసే ‘కాచో ఎ పెపే’ తెప్పించుకున్నాను. పాస్తా సరిగా ఉడకలేదు, పైగా ఉప్పుకషాయంలా ఉంది. అడగకుండా తెచ్చిపెట్టిన రొట్టెకు, మంచినీళ్లకు విడిగా వెల కట్టి, సర్వీసు పేరుతో మరో 15 శాతం కలిపారు. తినడం పూర్తయ్యాక చాలాసేపు ఎవరూ నావైపు కన్నెత్తి చూడలేదు. ఆడమనిషి ఒంటరిగా వెళ్లడమే పొరపాటా? నవంబరులో మళ్లీ రోమ్ వెళ్లవలసి ఉంది. ఈసారి గదిలోనే ఏదో ఒకటి తిని పడుకోవడం మేలంటారా?

– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: గదిలో తిని పడుకోమని నేను చెప్పను. మీరు చెప్పినవాటిలో ఆ రెస్టారెంట్‌వారి తప్పులు కొన్ని ఉన్నాయి, అక్కడి పద్ధతి తెలియనందువల్ల తప్పులుగా తోచినవి మరికొన్ని ఉన్నాయి. అవన్నీ ఒకే రాత్రి ఒకదాని వెంట ఒకటి ఎదురు కావడం వల్ల, అన్నిటికీ మీరు ఒక్కరే వెళ్లడం కారణమని మీకు అనిపించింది. నిజానికి ఆ కారణం మీరు కూర్చున్న చోటికి మాత్రమే వర్తిస్తుంది, అక్కడ కూడా తప్పు మీది కాదు.

ఎంతమంది వచ్చారని గుమ్మంలోనే అడగడం ఇటలీలో మామూలే కాబట్టి ఆ ప్రశ్నను పట్టించుకోనవసరం లేదు. అయితే బయట బల్లలు ఖాళీగా ఉండగా మిమ్మల్ని మరుగుదొడ్డి పక్కకు పంపడం మర్యాద కాదు, దాన్ని నేను సమర్థించను. నలుగురు కూర్చునే బల్లను ఒక్కరికి ఇస్తే రాబడి తగ్గుతుందన్న లెక్క, పర్యాటకులు కిక్కిరిసే ట్రెవీ, నవోనా వంటి చోట్ల బలంగా పనిచేస్తుంది. ఈ రోజు వచ్చినవారు మళ్లీ రారన్న ధీమా దానికి తోడవుతుంది. ఫలానా బల్ల కావాలని కూర్చోకముందే అడగవచ్చు, అది రిజర్వు అయిందని చెబితే మరొకటి చూపమనవచ్చు, అదీ కుదరదంటే నమస్కారం చెప్పి బయటికి వచ్చేయవచ్చు. అక్కడ అలా వెళ్లిపోవడాన్ని ఎవరూ తప్పుగా చూడరు. అదే నగరంలో న్యాయస్థానం, కార్యాలయాలు ఉన్న ప్రాతిలోనో, పాత కబేళా పేట అయిన టెస్టాచోలోనో మధ్యాహ్నం పూట చూస్తే, ఉద్యోగులూ వృద్ధులూ ఒక్కొక్కరే కూర్చుని నింపాదిగా భోంచేస్తూ కనిపిస్తారు.

ఇక పాస్తా విషయం. ఎండు పాస్తాను డ్యూరమ్ గోధుమ రవ్వతోనే చేయాలని ఇటలీలో 1967 నుంచి చట్టం ఉంది. ఆ గోధుమకు గట్టిదనం ఎక్కువ. పులిహోరకు అన్నం పలుకుగా వార్చుకున్నట్లే, వారు పాస్తాను పంటికి కాస్త తగిలేలా ఉండగానే దించుతారు. మెత్తగా ఉడికించి పెడితే అక్కడివారు తిప్పి పంపుతారు. కాచో ఎ పెపేలో పెకొరీనో రొమానో అనే గొర్రెపాల చీజ్, మిరియాలు, పాస్తా ఉడికిన నీళ్లు తప్ప మరేమీ ఉండవు. ఆ చీజ్‌లోనే ఉప్పు బాగా ఉంటుంది కాబట్టి వంట కూడా ఉప్పగానే ఉంటుంది. అయితే నోట పెట్టుకోలేనంత ఉప్పుగా ఉన్నా, చీజ్ కరగక గడ్డలు కట్టినా అది వంటవాడి అశ్రద్ధే. వేడి ఎక్కువైతే ఆ చీజ్ ఇట్టే ముద్దకడుతుంది.

శాకాహారినని రాశారు కాబట్టి మీకు కష్టం కలిగించే మాట అయినా ఒకటి చెప్పక తప్పదు. పెకొరీనో రొమానో తయారీలో పాలను గొర్రెపిల్ల కడుపు నుంచి తీసిన రెనెట్‌తో విరగ్గొడతారు. పార్మిజానో రెజ్జానోలో లేగదూడ రెనెట్ వాడతారు. మన దేశంలో ఆకుపచ్చ చుక్క ఉన్న చీజ్‌కు అలవాటుపడినవారికి ఈ సంగతి తట్టదు, ఇటలీలోని మెనూలు చెప్పవు. మాంసం లేదని చెప్పిన వెయిటర్ అబద్ధమాడినట్లు కూడా కాదు, ఎందుకంటే చాలామంది ఇటాలియన్లు చీజ్‌ను శాకాహారంగానే లెక్కిస్తారు. మీ నియమం అంతవరకు వర్తించేటట్లయితే వెల్లుల్లి, ఆలివ్ నూనె, ఎండుమిర్చితో చేసే ‘ఆల్యో, ఓల్యో ఎ పెపెరొన్చీనో’ అడగండి. టమాటా, ఎండుమిర్చి కలిపిన ‘అరాబ్యాతా’ను ‘సెన్జా ఫొర్మాజ్జో’, అంటే చీజ్ లేకుండా, తెమ్మనండి. ఈ రెండూ మన నాలుకకు వెంటనే నచ్చుతాయి. పక్కన వెల్లుల్లి, మిర్చితో వేయించిన చికోర్యా ఆకుకూర తెప్పించుకుంటే భోజనం నిండుగా ఉంటుంది. సూపుల్లో మాంసరసం, పుంతరేల్లే సలాడ్‌లో ఆంకోవీ చేప ఉండే అవకాశం ఉన్నందున ముందే అడగడం మంచిది.

బిల్లు విషయంలో మీ అనుమానం సగమే నిజం. ఇటలీలో చాలా చోట్ల మనిషికి ఇంత అని ‘కొపెర్తో’ పేరుతో వసూలు చేస్తారు. రోమ్ ఉన్న లాట్జియో ప్రాంతం 2006లో చేసిన చట్టంతో దాన్ని నిషేధించింది కాబట్టి అక్కడ రొట్టె పేరుతో ఆ సొమ్ము వేస్తుంటారు. రొట్టె వద్దనుకుంటే బల్ల మీద పెట్టగానే తీసుకెళ్లమని చెప్పవచ్చు. నీళ్లు సీసాల్లోనే ఇస్తారు, వాటికి వెల ఉంటుంది. వీధుల్లో 1874 నుంచి ఉన్న ‘నసోనీ’ కుళాయిల్లో మంచినీళ్లు ఎప్పుడూ ఉచితమే కాబట్టి దారిలో ఒక సీసా నింపుకుని తిరగండి. సర్వీసు రుసుము వేస్తామని మెనూలో ముందే ముద్రించి ఉంటే మీరు కట్టినది న్యాయమే, అలా లేకపోతే దాన్ని తీసేయమని అడిగే హక్కు మీకు ఉంది. కట్టినట్లయితే విడిగా టిప్పు ఇవ్వనవసరం లేదు. 2018లో వెనిస్‌లో నలుగురు జపాన్ విద్యార్థుల చేత ఒక్క భోజనానికి 1,100 యూరోలకు పైగా కట్టించుకున్న వ్యవహారం ప్రపంచమంతా వార్త అయింది. మెనూను మొదటి పేజీ నుంచి చివరి అక్షరం దాకా చదవడం ఎంత అవసరమో అది చూపింది. మీతో చేపలు తినేవారు ఉంటే, వెల పక్కన ‘ఎత్తో’ అని ఉందేమో చూడమనండి. అది పూర్తి పళ్లేనికి కాదు, 100 గ్రాములకు వెల.

తిన్నాక ఎవరూ రాలేదన్న విషయంలో మాత్రం మీరు బాధపడనవసరం లేదు. అడగకుండా బిల్లు తెచ్చి ముందు పెట్టడం అంటే లేచి వెళ్లమని చెప్పడమేనని అక్కడివారు భావిస్తారు. ‘ఇల్ కొంతో, పెర్ ఫవోరే’ అని అడగండి, తెస్తారు.

నవంబరులో వెళ్లినప్పుడు పెద్ద భోజనం మధ్యాహ్నానికి పెట్టుకోండి. రాత్రికైతే ఒక్కరికని చెప్పి ముందుగా బల్ల రిజర్వు చేసుకుని, తలుపులు తెరిచే ఏడున్నరకే చేరుకోండి. స్థానికులు ఎనిమిదిన్నర దాటాక గానీ రారు కాబట్టి మీకు నచ్చిన చోటు దొరుకుతుంది. బయట నిలబడి పిలిచేవారు ఉన్న చోట్లకు, రంగుల ఫొటోలతో అయిదారు భాషల్లో మెనూలు పెట్టిన చోట్లకు వెళ్లకండి. మొదటి రాత్రికి పిజ్జేరియా అనువుగా ఉంటుంది, ఎందుకంటే ఎంతమంది కలిసి వచ్చినా అక్కడ ఎవరి పిజ్జా వారిదే, మనిషికొకటి చొప్పున కోయకుండా తెస్తారు. టమాటా, వెల్లుల్లి, ఒరెగానో, ఆలివ్ నూనె మాత్రమే ఉండే ‘మరినారా’లో చీజ్ అసలే ఉండదు, అయినా ఆంకోవీ వేయవద్దని ఒక మాట చెప్పి ఆర్డర్ ఇవ్వండి.