గెర్ట్ వెస్ట్‌ఫాల్ ఎవరు? జర్మనీలో ఆయన గొంతుకి అంత పేరెందుకు?

రంగస్థల నటుడే, కానీ జనానికి గుర్తుండిపోయింది ఆయన గొంతు. 1920లో డ్రెస్డెన్‌లో పుట్టారు, నటన కూడా అక్కడే నేర్చుకున్నారు. యుద్ధం అయ్యాక బ్రెమెన్‌లో నాటకాలాడుతూ, 1948లో రేడియో బ్రెమెన్ నాటక విభాగానికి అధిపతి అయ్యారు. అప్పటికి ముప్పై ఏళ్లు కూడా నిండలేదు! తర్వాత బాడెన్-బాడెన్‌లోని రేడియో కేంద్రంలో అదే పని. జర్మన్ రేడియో నాటకానికి అవి మంచి రోజులు. 1959 నుంచి జ్యూరిక్ నాటకశాలలో నటుడిగా, దర్శకుడిగా ఉన్నారు.

అసలైన కీర్తి మాత్రం నవలలు చదివి వినిపించడం వల్ల వచ్చింది. ముఖ్యంగా జర్మన్ రచయిత థామస్ మన్ నవలలు. మన్ రాసే వాక్యం ఒక్కోసారి పేరా అంత పొడుగు. పైగా జర్మన్ ఉపవాక్యాల్లో క్రియ, మన తెలుగులో లాగే, చివర్లో వస్తుంది. అందాకా వినేవాడు దారి తప్పకుండా చూడాలంటే ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో తెలియాలి. నా దృష్టిలో ఇది వేషం కట్టడం కంటే కష్టం. మన్ భార్య కాట్యా వెస్ట్‌ఫాల్‌ను 'రచయితకు అత్యున్నతమైన గొంతు' అన్నారట. 'చదివి వినిపించేవాళ్లలో రారాజు' అన్న బిరుదూ ఉంది. 2002లో జ్యూరిక్‌లో చనిపోయారు. జర్మన్ నేర్చుకుంటున్నవాళ్లు ఆయన చదివిన మన్ నవల 'బుడెన్‌బ్రోక్స్' రికార్డింగుతో మొదలుపెట్టవచ్చు, పుస్తకం పక్కన పెట్టుకుని.