నెల్లీ మాటకు ‘అట’ తగిలించాలా?

సందేహం: ఎమిలీ బ్రాంటీ నవల ‘వదరింగ్ హైట్స్’ (1847) తెలుగులోకి తెస్తున్నాను. అందులో చాలా కథ ఆ పేరున్న ఇంట్లో పనిచేసిన నెల్లీ డీన్ చెబుతుంది. ఆమెను పూర్తిగా నమ్మలేం కాబట్టి ఆమె వాక్యాల చివర ‘అట’ చేర్చవచ్చా? ‘అన్‌రిలయబుల్ నేరేటర్’ను ‘నమ్మలేని కథకుడు’ అనవచ్చా?

సమాధానం: రెండోది ముందు చూద్దాం. ‘నడవలేని మనిషి’ అంటే నడవలేనిది ఆ మనిషే. అలాగే ‘నమ్మలేని కథకుడు’ అంటే ఎవరినీ నమ్మలేనివాడనే అర్థమూ వస్తుంది. ‘నమ్మలేని నిజం’ అన్నప్పుడు ఈ చిక్కు లేదు, నిజం ఎవరినీ నమ్మదు కనుక. ‘నమ్మదగని’ అనండి. నెల్లీ ఆడమనిషి కాబట్టి ‘కథకురాలు’ అనాలి.

ఇక ‘అట’. పాత రూపం అఁట. దాని నుంచే అట, అంట రెండూ వచ్చాయి. ఈ సంగతి నేను చూసింది కాదు, ఒకరు చెప్పగా విన్నది అని మాత్రమే అది చెబుతుంది. అబద్ధమని చెప్పదు. ‘పలికించెడివాడు రామభద్రుండట’ అన్న పోతనకు రాముడి మీద అనుమానమా? ‘పెద్ద పండితుడట!’ అన్నప్పుడు వినబడే వెటకారం గొంతులోది, ‘అట’లోది కాదు.

వంటింటి ఘట్టం మళ్ళీ చదవండి. నెల్లీ పసివాడు హేర్టన్‌ను ఒళ్ళో ఊపుతూ ఉంటుంది. ఆ ఇంటి అమ్మాయి క్యాథరీన్ వచ్చి, తనతో పాటు ఆ ఇంట్లోనే పెరిగిన అనాథ హీత్‌క్లిఫ్‌ను ఇప్పుడు పెళ్ళాడితే తనకు చిన్నతనమంటుంది. అక్కడే బెంచీ మీద ఉన్న హీత్‌క్లిఫ్ అంతవరకూ విని చప్పుడు లేకుండా వెళ్ళిపోతాడు. క్యాథరీన్‌కు కనబడలేదు, నెల్లీ చూసింది. చూసి కూడా, పనివాడు జోసెఫ్ బండి వస్తోందని మాట మళ్ళించింది. ఇక్కడ మీరు ‘వెళ్ళిపోయాడట’ అని రాస్తే ఆమె చూడనట్టే అవుతుంది, దాచిన తప్పు కాస్తా మాసిపోతుంది. ‘వెళ్ళిపోయాడు’ అనే ఉండాలి. నెల్లీని నమ్మడానికి మనం వెనకాడేది ఆమె కళ్ళారా చూసిన చోటే.

‘అట’కు చోటు వేరే ఉంది. క్యాథరీన్ కూతురు చిన్న క్యాథరీన్ వదరింగ్ హైట్స్ ఇంట్లో ఎలా ఉందో జిల్లా అనే మరో పనిమనిషి నెల్లీకి చెబుతుంది. అక్కడ నెల్లీ నోట ‘అట’ ఎంతో సహజం. హీత్‌క్లిఫ్ భార్య ఇసబెల్లా నెల్లీకి రాసిన ఉత్తరం మాత్రం ఇసబెల్లా సొంత గొంతే. అక్కడ ‘నేను’ను కదపకండి.

నెల్లీ చెప్పగా ఇదంతా డైరీలో రాసుకుంటున్నది అద్దెకు దిగిన లాక్‌వుడ్ కదా, అతని వైపు నుంచైనా ‘అట’ వద్దా అంటారేమో. అక్కర్లేదు. భారతంలో సూతుడు శౌనకాదులకు చెప్పేది వైశంపాయనుడు జనమేజయుడికి చెప్పిన కథే. వాక్యవాక్యానికీ ‘అట’ లేకుండానే సాగుతుంది. కథ పై పొరకు వచ్చిన చోట ‘అంది నెల్లీ’ అంటే చాలు. పైగా ఆమె మాటల్లోనే, కొంచెం కుదించి చెబుతానని లాక్‌వుడే ఒకచోట అంటాడు. ఆ ‘కొంచెం కుదించి’ అన్నది మాత్రం అనువాదంలో జారిపోనివ్వకండి.