ఇథియోపియాలో ఏడాదికి 13 నెలలు, ఉదయం 7 అయితే 1 గంట: నిజమేనా?

"ఇథియోపియా మనకంటే ఏడెనిమిదేళ్లు వెనక ఉందట, ఏడాదికి 13 నెలలట, గడియారం కూడా వేరట, నిజమేనా?" అని అడిగారు. అన్నీ నిజమే. నేను కొన్నేళ్లు అక్కడి జిమ్మా అనే ఊళ్లో లెక్చరర్‌గా పనిచేశాను (అక్కడి యూనివర్సిటీల్లో మన తెలుగు మాస్టార్లు చాలామందే ఉండేవారు), రోజూ ఈ లెక్కలతోనే గడిచేది.

ముందు గడియారం సంగతి చెప్తాను, కొత్తగా వెళ్లినవాళ్లకి టెన్షన్ అదే. అక్కడ గంటల లెక్క పొద్దు పొడిచాక మొదలవుతుంది. అక్కడ మన పద్ధతిలో ఉదయం 7 అయ్యే వేళకి వాళ్ల లెక్కలో 1, మన పద్ధతిలో మధ్యాహ్నం 12 వాళ్లకి 6, సాయంత్రం చీకటి పడ్డాక మళ్లీ 1 నుంచి లెక్క. తెల్లవారుజామున 5కి బయల్దేరే బస్సుని "రాత్రి 11కి" అంటారు. తేడా సరిగ్గా 6 గంటలే కాబట్టి ఒక చిట్కా ఉంది, అక్కడికెళ్లాక టైమ్ మార్చుకున్న మన వాచీలో చిన్న ముల్లు ఎటు ఉందో దానికి సరిగ్గా ఎదురుగా ఉన్న అంకె చూడండి, అదే వాళ్ల టైమ్. భూమధ్యరేఖకి దగ్గర కాబట్టి సూర్యోదయం వేళ ఏడాదంతా పెద్దగా మారదు, అందుకే ఈ పద్ధతి నిలబడింది. ఏ నార్వేలోనో అయితే కుదరదు. పంచాంగంలో మన రోజు మొదలయ్యేదీ సూర్యోదయంతోనే, ఘడియలు లెక్కపెట్టేదీ అక్కడి నుంచే కదా. నన్నడిగితే అందరూ నిద్రపోయే అర్ధరాత్రి తారీఖు మారడమే విచిత్రం.

ఇక నెలలు. 12 నెలలకి తలా 30 రోజులు, మిగిలిన 5 రోజులు (నాలుగేళ్లకోసారి 6) పాగుమే అనే 13వ నెల. మనం మిగులుని రెండు మూడేళ్లకోసారి అధిక మాసంగా సర్దుతాం, వాళ్లు ఏ ఏడాదిది ఆ ఏడాదే తేల్చేస్తారు. మన సంవత్సరాలకి ప్రభవ, విభవ అని 60 పేర్లున్నట్టే వాళ్లకి నాలుగు, బైబిల్లో సువార్తలు రాసినవాళ్ల పేర్లు: మత్తయి, మార్కు, లూకా, యోహాను. లూకా ఏడాది చివర్లోనే ఆ ఆరో రోజు వస్తుంది.

ఏడెనిమిదేళ్ల తేడా చూసి "వెనకబడ్డారు" అని నవ్వేవాళ్లంటే నాకు నిజంగా కోపం. ఏసు ఎప్పుడు పుట్టాడన్న లెక్క వాళ్ల చర్చిది వేరు, యూరప్‌ది వేరు, అంతే. మన శాలివాహన శకం ఏకంగా 78 ఏళ్లు తక్కువ చూపిస్తుంది, మనం వెనకబడ్డామా? వాళ్లు 2000వ సంవత్సరం వేడుకలు 2007 సెప్టెంబర్ 12న ఘనంగా చేసుకున్నారు.

కొత్త సంవత్సరం పేరు ఎన్‌కుటాటాష్, మామూలుగా సెప్టెంబర్ 11న వస్తుంది. జూన్ నుంచి కురిసిన పెద్ద వానలు అప్పటికి తగ్గుముఖం పడతాయి, కొండల మీద అడెయ్ అబెబా అనే పసుపు పూలు విరగబూస్తాయి. ఆడపిల్లలు తెల్లబట్టలు కట్టుకుని ఆ పూలు పట్టుకుని ఇంటింటికీ పాడుకుంటూ వస్తారు. తెలంగాణ నుంచి వచ్చినవాళ్లకి అది చూస్తే తంగేడు పూలు, బతుకమ్మ గుర్తురాకుండా ఉండవు. తర్వాత సెప్టెంబర్ 27న మెస్కెల్, అంటే ఏసు సిలువ దొరికిందని చేసుకునే పండగ, ముందురోజు పెద్ద మంట వేస్తారు. క్రిస్మస్ జనవరి 7న.

వెళ్లే పని ఉంటే ఒక్కటి గుర్తుంచుకోండి. విమానం టికెట్ మీద ఉండేది మనకి తెలిసిన టైమే. బస్సుకీ, మీటింగ్‌కీ, భోజనానికి పిలిచినా మాత్రం "హబెషా టైమా, ఫెరెంజీ టైమా" (వాళ్ల టైమా, విదేశీయుల టైమా) అని అడగండి, అక్కడివాళ్లూ ఒకరినొకరు అలాగే అడుగుతారు. కాగితాల మీద తేదీ పక్కన ఈ.సీ. ఉందా జీ.సీ. ఉందా అన్నది కూడా చూసుకోండి, మొదటిది వాళ్లది, రెండోది మనం వాడేది.